దక్షిణం వైపు నీళ్లు

నీళ్లు తూము జాలీ దాకా వచ్చి ఆగాయి, నేను చూస్తున్నంతసేపూ పైకి రావు, చూపు తిప్పానో వస్తాయి, వాటి సంగతి నాకు తెలుసు, అందుకే వంటగది పక్క గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాళ్ల దగ్గర గోనెసంచి మడతపెట్టి అడ్డం వేసి కాపలా కూర్చున్నాను. కుళాయిలన్నీ కట్టించేశాను. గిన్నెలు గుట్టపడ్డాయి. గిన్నెలు తోమే అచ్చియ్యమ్మ ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషి, ఏం చెయ్యాలో తోచక రాలిన ఉల్లితొక్కలు ఒక్కొక్కటే ఏరుతోంది. మా ఆయన వజీర్ జుమ్మా నమాజుకి వెళ్లాడు. వెళ్లనా మాననా అని ఇదే గుమ్మంలో నిలబడి నన్నడిగాడు, వెళ్లు, నువ్వుంటే నీళ్లు నీ మొహం చూసి వెనక్కి పోతాయా అన్నాను, ఆయన నవ్వలేదు, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. నమాజు అయిందంటే జనం తిన్నగా ఇటే వస్తారు, వారం మొత్తానికి మాకు పెద్ద పూట ఇదే, బిర్యానీ దమ్ములో ఉంది, మూత చుట్టూ పెట్టిన పిండి అప్పుడే ఎండి పగుళ్లిస్తోంది. ఆలోగా వెనకాల మూసుకుపోయిన పైపుని ప్లంబరు దాసు తెరవాలి. తెరవకపోతే మాకు హోటలు లేదు. భయానికి అనుకుంటున్న మాట కాదిది, మేడ మీద ఉండే ఓనరు సత్యారావు గారు పొద్దున్న బాల్కనీలోంచి అన్నమాట. "దాసు తీసి సూపిత్తాడు గదా బదరమ్మా. పైపు తప్పయితే నేను ఆలోచిస్తాను. తప్పు మీదయితే మాత్రం మరి మాటల్లేవు, ఖాళీ సేసీడమే."

గుడ్ మని ఒక్క బుడగ వచ్చి పగిలింది. అంటే దాసు రాడ్డు లోపలికి తోశాడు, గాలి ఇటు తన్నింది. ఈ చప్పుళ్లన్నీ నాకు అలవాటైపోయాయి, మంచి చప్పుడు వేరు, చెడ్డ చప్పుడు వేరు, నీళ్లు దిగేటప్పుడు చివర్న ఒక పెద్ద గుటక వేస్తుంది పైపు, ఆ గుటక వినబడితే ఆ రోజు నాకు అన్నం సయిస్తుంది. ఎండాకాలంలో ఒక ఆదివారం ముందుగా గుటక మానేసింది. నేను పట్టించుకోలేదు, జనం ఎక్కువున్నారు, మధ్యాహ్నం రెండో దఫా బల్లలు నిండి ఉన్నాయి, అప్పుడు చేతులు కడుక్కునే చోట కిందనున్న జాలీలోంచి నీళ్లు పైకొచ్చాయి, ముందు తేటగా, తర్వాత తేటగా కాదు, బల్లల కింద నుంచి తీరుబాటుగా నడుచుకుంటూ వచ్చాయి. కె.కోటపాడు నుంచి కొత్త బండి కొనుక్కుని వచ్చిన కుటుంబం ఒకటి కాళ్లు పైకెత్తి కుర్చీల మీద పెట్టుకున్నారు, వాళ్ల ముసలామె మాత్రం కాళ్లు ఎత్తి మరీ లెగ్ పీసు పూర్తి చేసింది, ఆవిడకి నేను జన్మంతా రుణపడి ఉంటాను, మిగతా వాళ్లందరూ లేచిపోయారు. ఎవరో ఫోనులో వీడియో తీశారు. అందులో నేను చీపురు పట్టుకుని వంగి ఉంటాను, మొహం కనబడదు, అయినా ఊళ్లో అందరికీ అది నేనని తెలుసు. సత్యారావు గారు పంచె మోకాళ్ల దాకా ఎత్తి మెట్లు దిగొచ్చి, నీళ్లూ నన్నూ చూసి, అలాగే ఎక్కిపోయారు. ఆయన అరిచుంటే బాగుండేది.

ఇంతకీ రోడ్డు పక్క కాలవ ఎక్కడుందీ అంటే, ఇదిగో, ఈ గుమ్మంలోంచి రోడ్డు వైపు తొంగి చూస్తే గోడ, గోడ అవతల కాలవ. మా వంటగదికీ దానికీ మధ్య ఒక పడుకున్న మనిషి పొడవు కూడా లేదు. నీళ్లు ఈ గోడకి ఒక కన్నం పెట్టుకుని అటు పోతే అయిపోయేది. కానీ స్థలం దక్షిణం రోడ్డుది, అందుకే సత్యారావు గారికి చవగ్గా వచ్చింది, చవగ్గా వచ్చిందన్న బెంగ కొద్దీ సిద్ధాంతిని తీసుకొచ్చారు, సిద్ధాంతి వంటగది ఆగ్నేయంలో పెట్టమన్నాడు, పెట్టారు, వాడిన నీళ్లు ఈశాన్యం మూల తాకి బయటికి పోవాలన్నాడు, దాన్నీ పాటించారు. అటువైపు కాలవ లేదు కదా అని మేస్త్రీ అడిగితే, తాకి రమ్మనండి అన్నాడట. అంచేత మా మాంసం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు తూర్పు గోడ వెంబడి ఉత్తరానికి పోయి, ఈశాన్యం మూల తాకి, అక్కడ వంగి పడమటికి పోయి, మళ్లీ వంగి దక్షిణానికి దిగి, బిల్డింగు చుట్టూ తిరిగి చివరికి ఎక్కడికి చేరతాయంటే ఇదే కాలవకి, మా బోర్డు కిందకే. మొదటిసారి పైపు దారి చూసినప్పుడు దాసు వేలితో గాలిలో గీత గీసుకుని నవ్వాడు. "ఇది గుడి సుట్టూ పెదచ్చినం కాదమ్మా, ఎదురు తిరుగుతంది. సిద్ధాంతి గారికి ఎవులూ సెప్పలేదేటో." నేనూ నవ్వాను. నవ్వు అంతవరకే. మాకు దిక్కంటే ఒకటే, నమాజుకి పడమర, అది తెలిస్తే చాలు. ఆయనకి ఎనిమిది దిక్కులూ కావాలి, ఎనిమిదింటికీ భయపడాలి, ఒక మనిషి అంత భయం ఎలా మోస్తాడో అనిపిస్తుంది నాకు.

మోస్తున్నది తన కోసం కాదు, అదే చిక్కు, తన కోసమైతే ఈపాటికి నేను మంచి దెబ్బలాట ఆడేసి ఉందును. ఆయన భార్య దుర్గాదేవి గారి కోసం. పాత ఇంట్లో ఉన్నప్పుడు ఆవిడకి గుండెనొప్పి వచ్చి ప్రాణం మీదకొచ్చింది, విశాఖ తీసుకెళ్లారు, చాలా రోజులు అక్కడే ఉన్నారు, ఆయన ఆసుపత్రి వరండాలో పడుకునేవారట. తిరిగొచ్చాక ఎవరో చెప్పారు ఆ ఇంట్లో వాడిన నీళ్లు దక్షిణానికి పోతున్నాయని, అది ఇల్లాలి మీద పడుతుందని. అంతే, ఆ ఇల్లు అమ్మేసి ఇది కట్టారు. ఇక్కడికొచ్చాక ఆవిడ లేచి తిరిగింది. మందులు పనిచేశాయి అంటాను నేను, ఈశాన్యం పనిచేసింది అంటారు ఆయన, రెండూ చేశాయేమో, నాకేం తెలుసు. నేను చాలాసార్లు అడిగాను, గోడకి ఒక్క కన్నం పెట్టనివ్వండి, తిన్నగా పంపేస్తాను అని. అడిగిన ప్రతిసారీ ఆయన నా వైపు చూడరు, మేడ మెట్ల వైపు చూస్తారు, ఆవిడ ఎక్కడ వింటుందో అని. ఆ చూపు చూశాక నేను వంటగదిలోకి వచ్చేస్తాను.

అన్నట్టు పొయ్యి కింద బొగ్గులు తగ్గించాలి, "అచ్చియ్యమ్మా, ఆ నిప్పులు కొంచెం ముందుకి లాగు" అన్నాను, లాగింది, పని దొరికినందుకు దాని మొహం విప్పారింది. దుర్గాదేవి గారు సాయంత్రాలు కిందికొస్తుంది. జనం లేని వేళ చూసి, గోడ పట్టుకుని మెల్లగా దిగి, ఈ కుర్చీలోనే కూర్చుంటుంది. పైన ఇచ్చే టీలో పాలు తప్ప ఏమీ ఉండవట, నేను అల్లం దంచి వేసి ఇస్తాను, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ముందు వాసన చూస్తుంది. ఊసులు ఎక్కువుండవు. అయితే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "కిందన నీల్లు బాగా దిగుతన్నాయేటమ్మా?" ఒంట్లో ఎలా ఉందని మనుషుల్ని అడిగినట్టు అడుగుతుంది. దిగుతున్నాయి పిన్నిగారూ అంటాను, దిగకపోయినా. ఆవిడకి ఎందుకంత పట్టింపో నాకు అర్థమయ్యేది కాదు. ఓనరు భార్య కదా, ఇల్లు పాడవుతుందని బెంగ కాబోలు అనుకునేదాన్ని.

నీళ్లు ఒక వేలెడు పెరిగాయా? లేదు, నీడ. ముసురు పట్టి ఆకాశం ఒకసారి మూసుకుని ఒకసారి తెరుచుకుంటోంది, దానితో పాటు ఈ నీళ్లూ ఆటలాడుతున్నాయి. ఆ ఆదివారం తర్వాత నేను చేయనిది లేదు. మా మరిది ఇంతియాజ్ విశాఖలో ఒక క్యాంటీన్‌లో చేస్తాడు, వాడు చూసొచ్చి చెప్తే సింకు కింద రేకు పెట్టె చేయించాను, నీళ్లు అందులో కాసేపు నిలబడి జిడ్డు పైకి తేలి, కింద నీళ్లు మాత్రమే పైపులోకి పోతాయి, పైన తేలిన జిడ్డు రోజూ నేనే గరిటతో తీస్తాను, ఆ పని ఎవరికీ చెప్పను, చెప్తే చెయ్యరు. వాడేసిన నూనె సింకు మొహం చూడదు, డబ్బాలోకి పోతుంది, సబ్బులు చేసేవాడు పట్టుకుపోతాడు. బియ్యం వార్చిన గంజి వేడిగా పోసేవాళ్లం ఇదివరకు, వేడికి గొట్టం శుభ్రమవుతుందని మా అత్త నేర్పింది, నిజానికి ఆ వేడికి జిడ్డు కరిగి ముందుకు పోయి, చల్లబడిన చోట గంజితో కలిసి జిగురులా పట్టేస్తుందట. ఇప్పుడు గంజి కుండలో చల్లార్చి గేదెలవాళ్లకి ఇస్తున్నాం, ఆ గేదెలు నాకంటే బాగున్నాయి. ఇక అన్నిటికంటే నేను గొప్పగా చెప్పుకునేది పిప్పి. రోడ్డుకి అటుపక్క చెరకు రసం బండి ఉంది, వాడు పిప్పి పారేస్తుంటే తెప్పించి ఎండబెట్టి, డేగిసాలు కడిగే ముందు దాంతో తుడిపిస్తాను. ఎండిన పిప్పి డాల్డాని పీల్చేస్తుంది, గిన్నె నునుపు తేలుతుంది, ఆ జిడ్డు పిప్పిని పొయ్యిలో వేస్తే భగ్గున మండుతుంది. తనిఖీకి వచ్చినాయన కూడా చూసి ఇది బాగుందమ్మా అన్నాడు. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో పిప్పికి ఏం కరువు, ఇంకెవరికీ తట్టలేదు, నాకు తట్టింది. అందుకే కడుపు మండుతోంది. నేను ఇన్ని చేశాక కూడా పొంగుతోందంటే తప్పు ఎవరిది? వంపుది. ఈశాన్యంది. దాసు బయటికి తీసేది ఏదైనా ఆ వంపు దగ్గరే ఉంటుంది, సత్యారావు గారు కళ్లారా చూస్తారు, ఇంక కాదనలేరు, గోడకి కన్నం పడుతుంది. అంతా అయిపోయాక ఆయన భయం ఆయన చూసుకుంటారు. అలా అనుకోవడం నాకేం బాలేదు, అయినా అనుకున్నాను.

పైగా ఆయన వైపు నుంచి మాకు మాత్రం ఇబ్బందుల్లేవా ఏం, చెప్పుకోం కానీ. రోజూ పొద్దున్న షట్టరు ఎత్తే వేళకి పైనుంచి దభాలున నీళ్లు పడతాయి. రోడ్డు వైపు, మా బోర్డు మీదుగా కాలవలోకి. చూద్దామని బయటికొచ్చేసరికి బాల్కనీలో ఎవరూ ఉండరు. పూలకుండీలు కడుగుతారో, ఏం కడుగుతారో, ఆ నీళ్లకి మా బోర్డు మీద బిర్యానీలో ఆఖరి అక్షరం ఊడిపోయింది, ఇప్పుడది బిర్యా అని ఉంది. కుర్రాళ్లు అలాగే పిలుస్తున్నారు. ఓనరుతో ఏమంటాం, మన పైపు గొడవే తెగట్లేదు, పైన ఇదొకటా అని వజీర్ ఊరుకోమన్నాడు. ఊరుకున్నాను. లోపల మాత్రం రోజూ ఒక తిట్టు తిట్టుకుని షట్టరు ఎత్తుతాను, అది నాకు అలవాటైపోయింది.

"అమ్మా! ఓలమ్మా, ఇటు రాండి!"

దాసు. కుర్చీ తన్నుకుని లేచాను. గోనెసంచి వైపు చూడు అని అచ్చియ్యమ్మకి చెప్పి, గోడకీ ప్రహరీకీ మధ్య సందులోంచి నడుస్తున్నాను, చెప్పుల కింద నాచు జారుతోంది, ఎప్పుడూ పొట్టిగా ఉండే సందు ఇవాళ ఎంతకీ తరగదేం. దాసు చెప్పులు అంత దూరంలో విప్పి ఉన్నాయి. ఈశాన్యం మూల కదా అని విప్పాడు, విప్పి, పైపు వంపు దగ్గరి చాంబరు గుంతలో మోచేయి దాకా చెయ్యి పెట్టాడు. పైన తూర్పు బాల్కనీలో సత్యారావు గారు కమ్మీ పట్టుకుని వంగారు, ఆయన వెనక దుర్గాదేవి గారు, తడి జుట్టు ఆరబోసుకుని, ఆవిడ కిందికి చూడట్లేదు, ఆయన మొహమే చూస్తోంది. దాసు రాడ్డు కొక్కేనికి తగిలినదాన్ని లాగుతున్నాడు, వస్తోంది, ఇంకా వస్తోంది, జడలా అల్లుకుపోయి, తెల్లగా కొవ్వు పట్టి, చేతి మందం, వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. దాసు దాన్ని పలక మీద పడేసి రాడ్డుతో చీల్చాడు. లోపల పీచు. పసుపుపచ్చ పీచు. నాకు చెప్పక్కర్లేదు. రోజూ చేత్తో పట్టుకునేదే.

పిప్పి. ముసురుకి ఎండలేదు కదా ఈ మధ్య. పచ్చి పిప్పితో తుడిస్తే అది పీచుపీచుగా విడిపోయి గిన్నెకే పట్టుకుంటుంది, కడిగితే నీళ్లతో పోతుంది, రేకు పెట్టెలో తేలదు, మునిగి పోతుంది, పోయి వంపు దగ్గర అడ్డం తిరుగుతుంది, మిగిలిన జిడ్డంతా వచ్చి దాన్ని పట్టుకుంటుంది. గోడకి పూసే మట్టిలో గడ్డి కలుపుతారే, గట్టిగా ఉండాలని, అలాగ నేను పైపులో గోడ కట్టాను. తనిఖీకి వచ్చినాయన బాగుందన్న పిప్పి. నా తెలివి.

చాంబరులో నీళ్లు ఒక్కసారి సుడి తిరిగి దిగిపోయాయి. ఎంత పెద్ద గుటక. ఇంకో రోజైతే ఆ చప్పుడుకి ప్రాణం లేచొచ్చేది. దాసు ఆ పీచుని కాలితో వెనక్కి నెట్టి, పైకి వినబడకుండా అన్నాడు, "వంపు కాడే ఇరుక్కుందమ్మా. వంపు వల్లే అని సెప్పేత్తాను. అబద్ధం కాదు గదా. పీసు సంగతి మనకెందుకు." అబద్ధం కాదు. వంపు లేకపోతే పిప్పి జారిపోయి ఉండును. నేను తల ఊపితే చాలు, నోరు కూడా తెరవక్కర్లేదు. కన్నం పడుతుంది, నీళ్లు తిన్నగా పోతాయి, నాకు ఆ ఆదివారం మళ్లీ రాదు. పైన మాత్రం ఆయనకి నిద్ర ఉండదు. ఆవిడ ఒక్కసారి దగ్గితే లేచి కూర్చుంటారు, మా గోడ కన్నం గుర్తొస్తుంది, నా మొహం గుర్తొస్తుంది. ఆవిడకి రేపో ఎల్లుండో ఏదైనా అయితే, మనిషన్నాక అవుతుంది, అది జన్మంతా నా వంటగది నీళ్ల మీద ఉంటుంది. ఆవిడకి టీ ఎలా ఇస్తాను? నిజం చెప్తే హోటలు పోతుంది. కట్టెలు, డేగిసాలు, వజీర్, అచ్చియ్యమ్మ, అందరం రోడ్డు మీద. ఇంకో ఊళ్లో ఇంకో గుమ్మం.

"ఏటొచ్చిందిరా దాసూ?" పైనుంచి.

దాసు నా వైపు చూశాడు.

"పిప్పండీ," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "మా వంటింటిదే. గిన్నెలు తుడిసిన సెరకు పిప్పి. వంపు కాడ పట్టీసింది గానీ, పంపించింది మేవే."

దాసు తల పట్టుకున్నాడు. దుర్గాదేవి గారు గిరుక్కున లోపలికి వెళ్లిపోయింది. వినలేక వెళ్లిపోయిందనుకున్నాను. సత్యారావు గారు కమ్మీ మీద వేళ్లతో కొడుతున్నారు, కోపం లేదు ఆయన మొహంలో, ఒక పెద్ద బరువు దిగినట్టుంది, పైపుని తాకక్కర్లేదు, దిక్కుల్ని కదపక్కర్లేదు. "మరి నేను ముందే సెప్పేను గదమ్మా..." అని మొదలెట్టారు. అప్పుడు మేడ మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు. బాల్కనీ దక్షిణం కొసకి దుర్గాదేవి గారు వచ్చింది, నిండు బకెట్టు, రెండు చేతులా పట్టుకుని, ఆయాసపడుతూ కమ్మీ మీదకెత్తింది, ఎత్తి ఒక్క తోపుతో కింద పోసింది. దభాలున. రోడ్డు వైపు, మా బోర్డు మీదుగా, కాలవలోకి. ఆ చప్పుడు నాకు తెలుసు. రోజూ షట్టరు ఎత్తే వేళ తిట్టుకునే చప్పుడు.

"దుర్గా! అది దక్షిణం!"

"తెల్సండి," అంది ఆవిడ, బకెట్టు కింద పెట్టి, ఊపిరి తీసుకుని. "మన సింకు నీల్లు కూడా ఆ గొట్టంలోకే గదా. నాను కూడా అందులో పోత్తే కిందన ఆ పిల్లకి పొంగిపోతాదని, కిందకి ఈలొచ్చిన కాణ్ణించీ రోజూ ఇలగే పోత్తన్నాను. నాకేటయింది? మీ ఎదురుగా నిలబడి మాటాడతన్నానా నేదా?"

కాలవలో ఆ నీళ్లు పోతున్న చప్పుడు సందు చివరి నుంచి ఇక్కడికి వినబడుతోంది. సత్యారావు గారు ఆవిడని పాదాల నుంచి తల దాకా చూశారు, ఎన్నాళ్లకో చూసినట్టు, తర్వాత బకెట్టుని చూశారు, వెళ్లి దాన్ని తన చేతిలోకి తీసుకున్నారు. "ఇంత బరువు ఎత్తుతావేటే నువ్వు," అన్నారు. బకెట్టు పట్టుకునే కమ్మీ దగ్గరికొచ్చారు.

"దాసూ."

"బాబూ."

"శుక్రవారం గునపం వెయ్యకూడదు. దక్షిణం గోడ మందం సూసుకుని ఎళ్లు. రేపు పొద్దున్నే రా." నా వైపు చూడకుండానే, "పిప్పి మానీయమ్మా," అన్నారు.

మానేస్తానండీ అన్నాననుకుంటాను, అన్నానో లేదో. సందులోంచి వెనక్కి వచ్చాను. జాలీ కింద ఖాళీగా ఉంది, చీకటిగా, శుభ్రంగా. "కుళాయి తిప్పే," అన్నాను అచ్చియ్యమ్మతో, "పిప్పి ముట్టుకోకు, పాత గుడ్డలు తెచ్చుకో." అది గిన్నెల మీద పడింది. బోర్డు మీంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి, బిర్యా పక్కన ఖాళీ చోటు తడిసి నల్లగా ఉంది, మసీదు వైపు నుంచి మొదటి స్కూటర్లు మలుపు తిరుగుతున్నాయి. జనం వచ్చేలోపు ఇంకా పని ఉంది, నిమ్మకాయలు కొయ్యాలి, ఉల్లిపాయలు చక్రాలు తరగాలి. నేను ఉల్లిపాయల బుట్ట ముందుకు లాక్కుని పీట వేసుకుని కూర్చున్నాను. అక్కడ ఏడిస్తే ఎందుకని ఎవరూ అడగరు.